నేను ఇంకొకరి చేత చెప్పించిన సాక్ష్యం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. నా గొంతు ఇంతే, ఇంతకంటే పైకి లేవదు, మైకు తప్పేమీ లేదు. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడకపోతే ముందుకు జరగండి, ముందు బెంచీలు ఎలాగూ ఎప్పుడూ ఖాళీగానే ఉంటాయి.

ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి చలికాలంలోనే నాకు మాట పోయింది. మొదట జలుబనుకున్నాను, మిరియాల పాలు తాగాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను, ఆవిరి పట్టాను, ఒక నర్సుకు తెలిసినవన్నీ చేశాను, గొంతు మాత్రం రోజురోజుకూ గీసుకుపోయి చివరికి గాలి తప్ప ఏమీ రాకుండా పోయింది. మా ఆసుపత్రిలోనే గొంతు డాక్టరు చిన్న అద్దం లోపలికి పెట్టి చూసి, చూస్తూనే ముఖం మార్చుకున్నాడు. పదేళ్ళుగా డాక్టర్ల పక్కన నిలబడ్డదాన్ని, ఆ ముఖానికి అర్థం ఏమిటో నాకు తెలియదా. గొంతు తీగ మీద కాయ ఉంది, తీసి ముక్కను పరీక్షకు పంపాలి, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కలిపి ఆరు వారాల పాటు గుసగుస కూడా వద్దు సిస్టర్ అన్నాడు. ఆ రోజు క్వార్టర్సుకు నడుచుకుంటూ వచ్చి, తాళం తీసి, వంటగదిలో కింద కూర్చుండిపోయాను. గట్టిగా ఏడుద్దామన్నా గొంతు లేదు. దేవుడు నన్ను వదిలేశాడని ఆ సాయంత్రం నేను నిజంగా అనుకున్నాను.

నన్ను అప్పట్లో ఎరిగినవాళ్ళు ఇక్కడ కొందరున్నారు, వాళ్ళు లోపల నవ్వుకుంటూ ఉండి ఉంటారు. సుగుణమ్మ ఆరు వారాలు మాట్లాడకుండా ఉండటమా అని ఆ రోజుల్లో సంఘమంతా నవ్వింది. తప్పు లేదు. కృష్ణా జిల్లాలోని ఒక చిన్న ఊరి నుంచి డెబ్బైల మొదట్లో స్టాఫ్ నర్సుగా ఢిల్లీ వచ్చినప్పటి నుంచి నా నోరే నా బలం. వార్డులో ఈ చివరి నుంచి పిలిస్తే ఆ చివర ఆయాలు లేచి నిలబడేవాళ్ళు. ఆరాధనలో నేను ప్రార్థన అందుకుంటే పావుగంటకు తగ్గేది కాదు. నా భర్త ప్రకాశం గారు ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, నెమ్మదైన మనిషి, ఇంట్లో ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఆ దిగులును నేను పనిలో పెట్టాను.

ఆ పని ఏమిటో చెబుతాను. అవి ఢిల్లీలో ఎటు చూసినా స్టేడియాలు, పెద్ద పెద్ద వంతెనలు కడుతున్న రోజులు. పాలమూరు వైపు నుంచి మన తెలుగువాళ్ళు కుటుంబాలకు కుటుంబాలు కూలికి వచ్చి, కట్టే చోటే గుడిసెలు వేసుకొని ఉండేవాళ్ళు. మా ఆసుపత్రికి దెబ్బలు తగిలి వచ్చేవాళ్ళలో సగం మంది వాళ్ళే. వాళ్ళ వెంట వచ్చే ఆడపిల్లలు, పన్నెండేళ్ళు, పద్నాలుగేళ్ళు, పదిహేనేళ్ళు, తెలుగూ హిందీ కలిపి మాట్లాడుతూ, చంకలో తమ్ముళ్ళను ఎత్తుకొని వరండాలో నిలబడేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. అది నిజం, అది దేవుడు పెట్టిన మనసే. వారానికి మూడు సాయంత్రాలు మా క్వార్టర్సు వరండాలో చాప వేసి చదువు చెప్పడం మొదలుపెట్టాను. బడి మానేసినవాళ్ళను పట్టుకెళ్ళి సర్కారు బడిలో చేర్పించాను. ఏడుగురు ఆడపిల్లలు నిలకడగా వచ్చేవాళ్ళు.

ఆ ఏడుగురిలో పెద్దది, తెలివైనది ఒక అమ్మాయి. ఆమె అసలు పేరు చెప్పను, పిలవడానికి ఒక పేరు కావాలి కాబట్టి మణి అనుకోండి. వాళ్ళ నాన్నను నర్సింలు అనుకోండి. తల్లి లేదు. నర్సింలు తాపీ మేస్త్రి దగ్గర పని చేసేవాడు, అప్పట్లో తాగేవాడు కూడా, అది అబద్ధం కాదు. మణి పదిహేనేళ్ళకు తొమ్మిదో తరగతి మంచి మార్కులతో పాసైంది. పదో తరగతి అవగానే దీన్ని నర్సు ట్రైనింగులో చేర్పించాలి, తెల్ల యూనిఫారం వేయించాలి, సుగుణమ్మ తయారు చేసిన పిల్ల అని అందరూ అనాలి, ఇదీ నా కల. ఆమె లెక్కల పుస్తకం అంచుల్లో ఎప్పుడూ మెట్లు, కిటికీలు, గోడలు గీస్తూ ఉండేది. పుస్తకం పాడు చేస్తున్నావని రబ్బరుతో నేనే చెరిపేసేదాన్ని.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. మనవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఈ తప్పు చేతకాదు. మన సంఘంలో ఒక మంచి అలవాటు ఉంది, దేవుడు చేసిన మేలును నిలబడి చెప్పడం. మణి మొదటిసారి తనంతట తానే నిలబడింది. "నేను తొమ్మిది పాసయిన, దేవునికి వందనాలు" అని రెండు ముక్కలు చెప్పి సిగ్గుపడి కూర్చుంది. నాకు అది చాలలేదు. ఊరి నుంచి పాస్టర్లు, పెద్దలు, అశోకా రోడ్‌లో మన రాష్ట్రం గెస్ట్ హౌసుల్లో దిగే అధికారులు ఆదివారం మధ్యాహ్నం మన తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్ళు కదా, వాళ్ళ ముందు చెప్పడానికి కొంచెం బరువుండాలి అనుకున్నాను. ఒక కాగితం మీద నేనే రాసిచ్చాను. తండ్రి తాగుబోతు అని, కొట్టేవాడని, ఇల్లు నరకమని, అప్పుడు సుగుణ ఆంటీ చెయ్యి పట్టుకుందని. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తల వంచుకోవాలో నేర్పాను. అదీ చాలక, ఆకలికి చెత్తకుప్పలో ఏరుకొని తిన్నానని ఒక మాట చేర్చాను. అది జరగలేదు. నేను కల్పించాను. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, మా చదువుకు ఒక పాత కుట్టు మిషను వచ్చింది, బీరువా వచ్చింది, దుప్పట్లు వచ్చాయి, అంతకంటే ఎక్కువగా నాకు పేరు వచ్చింది. ఆ పిల్ల ఆ ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు ఆ కాగితం అప్పజెప్పిందో నేను లెక్కపెట్టుకోలేదు.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు ఆదివారం మన ఆడపిల్లల పాట ఉంది. మణి ఆ పాటలో ముందు వరుసలో నిలబడింది. పాట కాగానే పాస్టరు గారు నా వైపు చూశారు, ఎందుకంటే ఆ రోజు ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చి ఉన్నారు. ముందుగా అనుకున్నది కాదు, అయినా నేను వెంటనే మణిని ముందుకు రమ్మని సైగ చేశాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నేను కనుబొమలు ఎత్తాను. నా కనుబొమలు అంటే వాళ్ళందరికీ భయం. వచ్చింది, మొదలుపెట్టింది, మధ్యలో వెనక బెంచీ వైపు చూసి ఆగిపోయింది. సహోదరులారా, ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను, నేను నేర్పినదానికంటే బాగా ఆగింది అనుకున్నాను.

అందరూ ఆమె చూపు వెంట వెనక్కి తిరిగారు. చివరి బెంచీ చివర నర్సింలు కూర్చొని ఉన్నాడు. నేను పాట పాడుతున్నాను, రా నాన్నా అని ఆమే పిలుచుకుందట, నాకు తెలియదు. ఆగిన పిల్ల మళ్ళీ మొదలుపెట్టి, చెత్తకుప్ప మాట కూడా చెప్పి, చివరి దాకా అప్పజెప్పి కూర్చుంది. అలవాటు అలా చేయిస్తుంది. వెనక్కి చూసేసరికి నర్సింలు లేడు.

మర్నాటి నుంచి మణి బడికి పోలేదు, నా దగ్గరికి రాలేదు. మూడో రోజు వాళ్ళ గుడిసెకు వెళ్ళాను. క్షమించమని అడగడానికి కాదు, పోట్లాడటానికి. వాళ్ళు మూటలు కడుతున్నారు, నోయిడాలో కొత్త పని దొరికిందట, పిల్లను కూడా పనిలో పెడతాడట. మార్చిలో పరీక్ష పెట్టుకొని ఇదేం పని, నీకు బుద్ధి ఉందా, పిల్ల బతుకు నాశనం చేస్తావా అని చుట్టుపక్కల గుడిసెలవాళ్ళంతా బయటికి వచ్చేలా గంటసేపు అరిచాను. నర్సింలు మూట ముడి వేస్తూ అంతా విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, గొంతు పెంచకుండా ఒకటే అడిగాడు.

"నేను తాగుడు బంద్ జేసి ఏడు నెల్లాయెనమ్మా. ఆ ముచ్చట మీ చర్చిల ఎవలన్న చెప్పిన్రా?"

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. అబద్ధం చెబుతున్నాడని ప్రకాశం గారితో అన్నాను. ఆయన అన్నం సగంలో వదిలి లేచారు. ఆ రాత్రి నుంచే నా గొంతు గీసుకోవడం మొదలైంది. దేవుడు శిక్షించాడని నేను అనను, నర్సును, గొంతు తీగ మీద కాయ ఎలా వస్తుందో నాకు తెలుసు, ఏళ్ళ తరబడి అరిస్తే వస్తుంది. కానీ ఆ కాయను కూడా దేవుడు వాడుకున్నాడని మాత్రం అంటాను.

ఇక ఆ ఆరు వారాలు. ప్రకాశం గారు చాందినీ చౌక్ నుంచి నాకో పలక, బలపాల డబ్బా తెచ్చి ఇచ్చారు. ఉప్పు తక్కువైంది అని రాసేదాన్ని, గ్యాస్ కట్టేయండి అని రాసేదాన్ని. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను రోజుకు మాట్లాడే మాటల్లో రాసేంత అవసరమైనవి చాలా తక్కువ. సగం రాసి చెరిపేసేదాన్ని. చదువు సాయంత్రాలు ఆపేద్దామనుకున్నాను, పిల్లలే ఆపనివ్వలేదు, వచ్చి చాప వేసుకొని కూర్చున్నారు. నేను గోడకు ఆనుకొని కూర్చునేదాన్ని, వాళ్ళు వంతులవారీగా చదివేవాళ్ళు, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకునేవాళ్ళు. మొదటి రెండు రోజులు భయంగా గుసగుసలాడారు. నేను అరవలేనని రూఢి అయ్యాక మామూలుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మూడేళ్ళలో ఆ పిల్లల గొంతులు నేను మొదటిసారి వింటున్నాను.

ఒక సాయంత్రం మణి పుస్తకాల సంచి నా బీరువాలోనే ఉండిపోయిందని గుర్తొచ్చి తీశాను. పదమూడేళ్ళ చెన్నమ్మ ఆ సంచి చూసి, "దీదీకి ఇప్పుడు కడుపునొప్పి తగ్గిందో లేదో" అంది. ఏ కడుపునొప్పి అని పలక మీద రాశాను.

"ప్రతి ఆదివారం చర్చి ఎనక నల్లా కాడ కక్కుతుండె గదా ఆంటీ. చెప్పుడు అయ్యేదాక ఏం తినకపోతుండె. మీరే గోలీ ఇస్తుండిరి."

నేనే ఇచ్చాను. అవును. ఆరాధనకు ముందు ఆ పిల్ల ముఖం పాలిపోయి కడుపు పట్టుకుంటే, గ్యాస్ అయ్యుంటుంది అని చప్పరించే మాత్ర నోట్లో పెట్టి, ఠీక్ హై పద అని వీపు మీద తట్టి ముందుకు పంపించాను. ఒకసారి కాదు. వార్డులో రోగి ముఖం చూసి జ్వరం ఎంత ఉందో చెప్పగలను నేను. నా పక్కనే ఉన్న పిల్లకు భయంతో కడుపు తిప్పుతోందని కనిపెట్టలేకపోయాను. కనిపెట్టలేకపోవడం కాదు, కనిపెట్టడం నాకు ఇష్టం లేదు.

పిల్లలు వెళ్ళిపోయాక ఆ సంచి ఒళ్ళో పెట్టుకొని లెక్కల పుస్తకం తెరిచాను. నేను చెరిపిన చోటల్లా పెన్సిలు గుర్తులు ఇంకా కనబడుతున్నాయి. మెట్లు ఎంత వెడల్పో, గోడ ఎంత మందమో పక్కనే చిన్న అంకెలు వేసి ఉన్నాయి. అది పిల్లల బొమ్మ కాదు. కాస్త లెక్క తెలిసిన ఎవరికైనా అర్థమయ్యే పని. ప్రకాశం గారికి చూపిస్తే ఆయన కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూసి, "ఇది ప్లాను సుగుణా, ఈ అమ్మాయికి ఇల్లు కట్టే లెక్క వచ్చు" అన్నారు.

నేను ప్రార్థన చేద్దామని మోకరించాను. పావుగంట ప్రార్థన చేసే సుగుణమ్మకు నోరు లేదు, లోపల కూడా పాత మాటలు రాలేదు. ఆ రోజు దేవునితో నేను అన్నది ఇంతే: "ప్రభువా, నీ పేరు చెప్పి ఆ పిల్ల కన్నీళ్ళతో నా పేరు పెంచుకున్నాను. నా గొంతు బాగు చెయ్యమని అడగడానికి నాకు ముఖం లేదు. ఆ పిల్లను నా నుంచి బాగు చెయ్యి." అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆకాశం తెరుచుకోలేదు, ఏ దర్శనమూ రాలేదు. లేచేటప్పటికి రేపు నోయిడా వెళ్ళాలి అన్నది మాత్రం గట్టిగా తెలిసింది. నా ఆపరేషన్ అయి అప్పటికి పది రోజులు, ముక్క పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. మణి పరీక్షకు ఐదు వారాలు ఉంది. బడిలో హాల్ టికెట్ ఇచ్చేది ఆ వారమే.

పలకకు తాడు కట్టి మెడలో వేసుకొని బస్సెక్కాను. కండక్టరుకు చీటీ చూపించి టికెట్ అడిగితే మూగదాన్ని అనుకొని పాపం సీటు ఇప్పించాడు. యమునా వంతెన దాటి, చెన్నమ్మ చెప్పిన గుర్తుల ప్రకారం ఆవాల చేల మధ్య సగం సగం లేచిన ఇళ్ళ దగ్గర దిగాను. మణి ఇటుకలు మోస్తూ కనబడుతుందనుకుంటూ వెళ్ళాను. ఆమె మెట్లు పోయబోయే చోట నిలబడి ఉంది. మేస్త్రి ఒక నీలం ప్లాను కాగితం పట్టుకొని ఉంటే, ఆమె దాని మీద వేలు పెట్టి చదివి చెబుతోంది, ఇద్దరు పెద్దవాళ్ళు టేపు పట్టుకొని ఆమె చెప్పినట్టు గుర్తులు పెడుతున్నారు. నన్ను చూసి ఆమె ముఖం బిగుసుకుంది. చెయ్యి కడుపు మీదికి వెళ్ళింది.

నర్సింలు పార కింద పెట్టి వచ్చాడు. నేను పలక మీద రాసి చూపించాను, అతను నా వైపు, మణి వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది, అతనికి చదువు రాదు. నేను రాసింది మణే చదవాలి. ఎన్నోసార్లు నా రాత ఆమె చేత చదివించాను, ఇది చివరిసారి అని మనసులో అనుకొని పలక ఆమె చేతికి ఇచ్చాను.

"నర్సింలు గారూ," అని చదివి ఆమె ఆగిపోయింది. ఈసారి ఎవరూ నేర్పిన ఆగడం కాదు. తర్వాత మెల్లగా చదివింది. "నేను మీ బిడ్డ చేత అబద్ధం చెప్పించాను. చెత్తకుప్ప మాట నేను కల్పించింది. మీరు తాగుడు మానారని నేను కనుక్కోలేదు."

చెరిపి మళ్ళీ రాశాను. "అందరి ముందు మీకు తలవంపు తెచ్చాను. నన్ను క్షమించండి." మళ్ళీ చెరిపి రాశాను. "మణి చదువు ఆపకండి. నా కోసం కాదు."

నర్సింలు పలక మీది అక్షరాల వైపు వంగి చూశాడు. తర్వాత కూతుర్నే అడిగాడు, "గారు అని రాసిందా బిడ్డా?"

"రాసింది నాయినా."

అతను పక్కకు తిరిగి తలపాగా కొసతో ముఖం తుడుచుకున్నాడు.

"సదువుకోనీ," అన్నాడు చివరికి. "గనీ అమ్మా, పిల్లను మల్ల గట్ల నలుగుర్ల నిలబెట్టద్దు. మాట ఇయ్యి."

మాట ఇస్తున్నాను అని రాశాను. మణి దాన్ని చదవలేదు. తండ్రికి చదివి చెప్పకుండా నా కళ్ళలోకి సూటిగా చూసి తన మాట తాను చెప్పింది. "పరీక్ష రాస్త ఆంటీ. చర్చికి మాత్రం రాను. నర్సు గూడ కాను."

సహోదరులారా, నాలుగు నెలల ముందైతే ఈ మాటకు నేను ఇంత ఎత్తున లేచేదాన్ని. ఆ రోజు అచ్ఛా అని తల ఊపాను. ఊపడం తప్ప ఇంకేం చేయగలను, దేవుడు ముందే నోరు కట్టేశాడు.

ఐదు వారాలు ఆమె రోజూ సాయంత్రం నోయిడా నుంచి బస్సులో వచ్చేది, నర్సింలే తీసుకొచ్చి, చదువు అయ్యేదాకా క్వార్టర్సు బయట కూర్చొని, వెంట తీసుకెళ్ళేవాడు. రెండో రోజు ప్రకాశం గారు ఆయన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చారు. లెక్కలు ప్రకాశం గారే చెప్పారు. మా ఆయనకు అంత బాగా లెక్కలు చెప్పడం వచ్చని నాకు పదకొండేళ్ళ కాపురంలో తెలియదు, అడిగితే కదా. మన పెద్దల్లో ఒకరు వచ్చి, చర్చికి రానన్న పిల్ల కోసం ఇంత తిప్పలు ఎందుకమ్మా, ఎవరికి మహిమ అని అడిగారు. నేను పలక పక్కన పెట్టేశాను. నాకు రావాల్సిన మహిమ అంతా అంతకుముందే ఎక్కువగా తీసేసుకున్నాను, ఇక మిగిలింది దేవునిదే.

ముక్క పరీక్ష ఫలితం వచ్చింది, క్యాన్సర్ కాదు. నేను వంటగదిలో అదే చోట కూర్చొని మళ్ళీ ఏడ్చాను. ఆరు వారాలు నిండాక మొదటి మాట ఏం మాట్లాడతావని ప్రకాశం గారు నవ్వుతూ అడిగితే, మీరు మాట్లాడండి అన్నాను. అదే నా మొదటి మాట. గొంతు ఇలా వచ్చింది, మళ్ళీ పెరగలేదు, నేను అడగనూ లేదు. మణి సెకండ్ క్లాసులో పాసైంది, లెక్కల్లో మాత్రం బడి మొత్తంలో ఆమెదే ఎక్కువ. ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఇళ్ళ ప్లానులు గీసే చదువులో చేరింది. దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట భవన నిర్మాణం అని తానే రాసుకుంది.

దేవుడు నన్ను దేని నుంచి విడిపించాడని మీరు అడిగితే, గొంతు జబ్బు నుంచి అని చెప్పను. పొగడ్త మీద నాకున్న ఆకలి నుంచి విడిపించాడు. అది తాగుడు కంటే తక్కువదేమీ కాదు, నర్సింలు దాన్ని ఏ ఆసుపత్రీ లేకుండా మానేశాడు, నాకు ఆపరేషన్ కావాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ ఆకలి ఒక్కోసారి తలెత్తుతుంది, ఈ మైకు ముందు నిలబడినప్పుడు కూడా తలెత్తింది, అందుకే మీ ప్రార్థనలు అడుగుతున్నాను.

ఈ కూడికకు మా చదువులో పైకి వచ్చిన ఆడపిల్లల్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పించమని పాస్టరు గారు ప్రేమతో అడిగారు. వాళ్ళు ఎవరైనా తమంతట తాము నిలబడితే దేవునికి స్తోత్రం. నేను మాత్రం ఎవరినీ పిలవను, నా సాక్ష్యం ఒకటే నేను చెప్పగలను. మణి ఈ సభలో ఉందో లేదో చెప్పను. దయచేసి ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి.

మీ పక్క గుడిసెల్లో, మీ క్వార్టర్సు వెనక, మీరు దిగే బస్టాపులో ఇలాంటి పిల్లలు ఉన్నారు. వాళ్ళను మీలాగా తయారు చేయాలని కంగారు పడకండి. వారానికి ఒక సాయంత్రం చాప వేసి పక్కన కూర్చోండి, వాళ్ళు ఏం గీస్తున్నారో చెరపకుండా చూడండి. మాట్లాడటం చేతకాదని భయపడేవాళ్ళు మరీ రండి, నా అనుభవంలో ఆ పనికి మీరే తగినవాళ్ళు. నోరున్నదాన్ని మూగగా చేసి వాడుకున్న దేవుడు మిమ్మల్ని ఉన్నట్టే వాడుకుంటాడు, ఆయన్ని నమ్మి చూడండి.

చివరిగా ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. ఈ సాక్ష్యం ముందుగా కాగితం మీద రాసి మణికే పంపాను, నీకు ఇష్టం లేకపోతే చించెయ్యమని. వారం తర్వాత తిరిగి వచ్చింది. రెండు చోట్ల ఎర్ర పెన్నుతో కొట్టేసింది, ఆ రెండూ నేను ఈ రోజు చదవలేదు. కింద ఒక వాక్యం చేర్చింది, తప్పకుండా చెప్పమంది. ఆ సంగతి ఆ రోజు నేను గమనించనే లేదు. ఆమె రాసింది రాసినట్టే చదువుతున్నాను.

"మా నాన్న ఆ రోజు నా పాట కోసం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు."

చెప్పాను తల్లీ. దేవునికే మహిమ.